దెబ్బ తగలని డోరు

మా అమ్మ కారును గేటు స్తంభానికి గుద్దిన పొద్దున నేను పక్క సీట్లోనే ఉన్నాను. "బ్రేకు, బ్రేకు" అని నేను చెవులు చిల్లులు పడేలా అరవకపోతే తాను సుఖంగా గేటు దాటేదాన్నని అమ్మ అంటుంది. అరవకపోతే ఎదురింటి అరుగు కూడా పోయేదని నేనంటాను. ఈ తగవు ఇంకా తెగలేదు. తెగుతుందన్న ఆశ కూడా నాకు లేదు.

కారు మా బాపుది. పాత అంబాసిడర్, మీగడ రంగు. ఒకప్పుడు ఒక దొరవారి ఇంట్లో ఉండేది. ఆ ఇంటి పిల్లలు కొత్త బండ్లు కొనుక్కున్నాక బాపు దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. బాపు సిరిసిల్లలో ఆసామి, అంటే సొంతానికి కొన్ని సాంచెలున్నవాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. సాంచెల చప్పుడు తప్ప వేరే చప్పుడెరగని మా గల్లీలోకి దొరగారి కారు హారన్ కొట్టుకుంటూ రావడం అప్పట్లో చిన్న సంగతి కాదు. ఆ రోజు నుంచి బాపు దాని స్టీరింగు ఇంకో మనిషి చేతికి ఇవ్వలేదు. నేను జగిత్యాలలో బడి పంతులమ్మను. సొంత కారులో వారం పొడుగునా తిరిగేదాన్ని. అయినా పుట్టింటికొస్తే అంబాసిడర్‌లో నాకు దక్కేది వెనక సీటే. అడిగితే, "గిది మీ ప్లాస్టిక్ డబ్బా కాదు బిడ్డా, దీనికి చెయ్యి దెల్వాలె" అనేవాడు.

అమ్మకు ఆ చెయ్యి తెలుసుకోవాలని కోరిక. ముస్తాబాద్‌లో మా చిన్నమ్మ ఉంటుంది. అక్కాచెల్లెళ్లు కలవాలంటే బాపు దయ తలచాలి. దయ తలచడానికి ఆదివారం కావాలి, ఎండ ఉండొద్దు, వాన ఉండొద్దు, రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉండొద్దు, బర్రెలు అడ్డం రావొద్దు. ఇవన్నీ కుదిరేసరికి చిన్నమ్మ ఇంట్లో శుభకార్యం అయిపోయి, టెంటు వాళ్లు కుర్చీలు తీసుకుపోతూ ఎదురయ్యేవాళ్లు. ఆటోలో పోవచ్చు కదా అంటే, ఇంట్లో కారు పెట్టుకుని ఆటోలో పోతే నలుగురిలో తన పరువేం కావాలని మళ్లీ బాపే అడ్డం పడేవాడు.

ఇంతలో బాపు రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. కొన్నాళ్లుగా బండి తీయడం మానేశాడు గానీ, కళ్లు కనబడక మానేశానని మాత్రం ఒప్పుకోలేదు. పెట్రోలులో కల్తీ ఎక్కువైందనేవాడు. చివరికి జగిత్యాలలో ఆపరేషన్ చేయించాం. ఒక కన్నయ్యాక ఇంకో కన్ను, మధ్యలో విశ్రాంతి, అన్నీ మా ఇంట్లోనే. నల్లద్దాలు పెట్టుకుని మా వరండాలో కూర్చుని, కనబడని కూరగాయల బండివాడితో కూడా బేరమాడేవాడు. సాంచెలు చూసుకునేవాళ్లు లేరని చెప్పి అమ్మ సిరిసిల్లకు వెళ్లిపోయింది. వెళ్లిన మర్నాడే నాకు ఫోన్ చేసింది.

"తాళంచెవి దొరికింది. ఆదివారం రా."

బాపు దాన్ని దేవుడి గూట్లో పటం వెనక దాచేవాడు. రోజూ ఆ పటానికి బొట్టు పెట్టే మనిషికి అది దొరకడంలో గొప్పేముంది?

బడిలో స్పెషల్ క్లాసులున్నాయని బాపుకు చెప్పి నేను ఆదివారాలు సిరిసిల్ల పోయేదాన్ని. బైపాస్ రోడ్డు పక్కన ఇంకా ఇళ్లు కట్టని, ఊరికే గీతలు గీసి వదిలేసిన ప్లాట్లలో మా క్లాసులు. అమ్మ చెప్పులు విడిచి, కొంగు నడుముకు చెక్కి, స్టీరింగుకు దండం పెట్టి కూర్చునేది. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది దానికి. మొదటి రోజు ఆ గేరును ఎంత బలంగా లాగిందంటే, ఊడి చేతికొచ్చిందేమోనని ఇద్దరం చూసుకున్నాం. మూడో వారానికి క్లచ్చు, బ్రేకు పట్టుబడ్డాయి. నేను మెచ్చుకుంటే మూతి విరిచింది.

"సాంచె మీద పోగు తెగితే చూడాలె, కండె అయిపోతే మార్చాలె, పక్క సాంచె ఆగితే ఉరకాలె. గిండ్ల ఏమున్నది, కూసుండి తొక్కుడే కదా."

ఆ ధీమాతోనే ఆ పొద్దున గేటులోంచి బండి తానే తీస్తానంది. తీసింది. ఎడమవైపు ముందు మడ్‌గార్డు రాతి స్తంభానికి ఒరుసుకుని వెనక్కు జరిగి, డోరు అంచు మీదికెక్కి కూర్చుంది. నా వైపు డోరు తెరుచుకోలేదు. నేను అమ్మ సీటు మీదుగా పాక్కుంటూ అవతలి వైపు నుంచి దిగాల్సి వచ్చింది. అంత గడబిడలోనూ అమ్మ నన్ను చూసి నవ్వింది. తర్వాత మడ్‌గార్డు చూసి నవ్వు ఆపేసింది.

"మీ బాపు చూసిండంటే ఈ జన్మల నన్ను స్టీరింగ్ ముట్టనియ్యడు" అంది.

అప్పటిదాకా ఈ వ్యవహారమంతా నాకు ఆటగానే ఉంది. అమ్మ కళ్లలో నీళ్లు చూశాక, ఈ మనిషికి ఇన్నేళ్లలో తన కోసం కావాలనిపించినది ఇదొక్కటేనేమో అనిపించింది. బాపు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. ఈలోగా దెబ్బ తగిలిన జాడ లేకుండా చేయాలి. చేయకపోతే అమ్మ సంగతి అంతే.

సిరిసిల్లలో బాగు చేయించడం కుదరదు. ఆ బండి దగ్గినా తుమ్మినా బాపుకు చెప్పేవాళ్లు వీధికొకరున్నారు. జగిత్యాల అసలే కుదరదు, నల్లద్దాలు అక్కడే ఉన్నాయి. మిగిలింది కోరుట్ల. అక్కడ వేములవాడ రోడ్డులో ఒక డెంటింగ్ షాపు ఉందని మా బడిలో ఎవరో చెప్పారు. షాపాయన గల్ఫ్‌లో చాలా ఏళ్లు కార్లకు సొట్టలు తీసి వచ్చినవాడు. బోర్డు మీద తెలుగుతో పాటు అరబ్బీలో కూడా రాయించాడు. కోరుట్లలో అరబ్బీ బోర్డు చదవగలిగే గిరాకీకి కొదవేమీ లేదనుకోండి.

ఇరుక్కున్న డోరు దారిలో ఊడిపోకుండా నైలాన్ తాడుతో కట్టేసి, నేను నడుపుతూ, అమ్మ వెనక సీట్లో కొంగు నెత్తి మీదికి లాక్కుని, దొంగల్లా కోరుట్ల చేరాం. డెంటర్ కారు చుట్టూ తిరిగాడు. మడ్‌గార్డు మీద వేళ్లతో కొట్టి చూసి కళ్లు మూసుకున్నాడు.

"రేకంటే గిది రేకు! దుబాయ్‌ల గిసొంటి బండిని షోకేస్ల పెడ్తరమ్మా. దీన్ని ఎవలు గుద్దిన్రు?"

"స్తంభం గుద్దింది" అంది అమ్మ.

పని విషయంలో ఆయన గొప్పలు ఉత్తవి కావు. దెబ్బ తగిలింది మడ్‌గార్డుకే అయినా ముందు దాని జోలికి పోలేదు. అది వెనక్కు నెట్టిన నెట్టుడుకు డోరు కబ్జా, అంటే డోరును పట్టి ఉంచే మడతబందు, కూడా లోపలికి వంగిందట. వెనక డోరు కదలలేదు కాబట్టి దాన్ని ఆధారం చేసుకుని ముందు డోరు నిలబెట్టాలి, ముందు డోరును చూసి మడ్‌గార్డు, మడ్‌గార్డును చూసి బానెట్. ముందు నుంచి మొదలుపెడితే చివరికి ఎక్కడో ఒక చోట తేడా వచ్చి కూర్చుంటుందట. జాకీ అడ్డం పెట్టి కబ్జా బిగించి ఉన్న కారు స్తంభాన్ని కొద్దికొద్దిగా బయటికి తోశాడు. తర్వాత మడ్‌గార్డు విప్పి, వెనక ఇనుప దిమ్మె పట్టుకుని ముందు నుంచి చిన్న సుత్తెతో కొట్టడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే బాపు ఫోన్.

అమ్మ ఎత్తక తప్పలేదు. ఎత్తకపోతే పక్కింటికి చేస్తాడు. స్పీకర్‌లో పెట్టింది.

"ఏం జేస్తున్నవే? గా చప్పుడేంది?"

"సాంచె చప్పుడు" అంది అమ్మ తడుముకోకుండా.

అవతల బాపు చెవి ఫోనుకు నొక్కిపెట్టి వింటున్నాడు. కళ్లు లేకపోయినా చెవులు సలక్షణంగా ఉన్నాయి మరి.

"గదేం సాంచె? దెబ్బకు దెబ్బకు నడుమ సందు ఒక్క తీరుగ లేదు. మోటరు బెల్టు వదులైనట్టున్నది. ఫిట్టర్‌ను పిలువు."

అమ్మ డెంటర్ వైపు తిరిగి చేత్తో సైగ చేసింది, టక టక టక టక, ఒక్క తీరుగా కొట్టమని. ఆయన మొదట బిక్కమొహం వేసినా వెంటనే అందుకున్నాడు. మడ్‌గార్డు మీద కాక పక్కనున్న పాత డిక్కీ రేకు మీద అచ్చం సాంచెలాగే వాయించాడు.

"ఆ, ఇప్పుడు మంచిగ నడుస్తున్నది" అన్నాడు బాపు తృప్తిగా. "సూసినవా, ఈడ కూసుండి సాంచె బాగు చేసిన."

ఫోన్ పెట్టేశాక ముగ్గురం నేల మీద కూలబడి నవ్వాం. డెంటర్ సుత్తె పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

కానీ అసలు పేచీ తర్వాత వచ్చింది. డోరు, మడ్‌గార్డు బిగించాక రెంటి మధ్య సందు పై నుంచి కింది దాకా గీసినట్టు సమంగా తీసుకొచ్చాడు డెంటర్. ఇంత బాగా చేసినందుకు అమ్మ మెచ్చుకుంటుందనుకున్నాడు. అమ్మ వంగి, కొంగు చివరను మడతలు పెట్టి ఆ సందులో దూర్చింది. పైన దూర్చింది, కింద దూర్చింది. తల అడ్డంగా ఊపింది.

"గిట్ల కాదు కొడుకా. మునుపు కింద జర ఎక్కువుండేది. పైన రెండు మడతలు, కింద మూడు మడతలు పట్టేది. నేను దుమ్ము తుడిచేటప్పుడు గుడ్డ గట్లనే పోయేది."

"అమ్మా, చక్కగ చేయమనేటోళ్లను చూసిన, వంకర చేయమనేటోళ్లను ఇప్పుడే చూస్తున్న. దుబాయ్‌ల నా సేటు గిది చూస్తే నన్ను ఎయిర్‌పోర్ట్ల దించి వాపస్ తోలుతడు."

"మీ సేటు సంగతి నాకేం దెల్వది. మా సేటు జగిత్యాల్ల ఉన్నడు. బండి కొత్తగ కనబడ్తే ఆయనకు అనుమానం అస్తది."

ఆయన నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. చివరికి కబ్జా వెనక సన్నటి రేకు ముక్క పెట్టి, తాను చక్కబెట్టిన సందును తానే వంకర చేశాడు. ఆ కాసేపు ఆయన మొహం చూడలేకపోయాను. రంగు దగ్గరా అదే తంతు. కొత్త మీగడ రంగు తళతళలాడితే అమ్మ వద్దంది. ఎండకు వెలిసిన మీగడ కావాలంది. ఆయన రంగులో రంగు కలిపి, ఆరబెట్టి, మళ్లీ కలిపి, కడకు వెలిసిన మీగడనే తెచ్చాడు.

అన్నీ అయ్యాక ఆయన కుడివైపుకు వెళ్లి, డ్రైవరు డోరు ముందు ఆగిపోయాడు. ఆ డోరు ఎప్పటి నుంచో కిందికి వేలాడుతూ ఉండేది. మడ్‌గార్డు మీద గీత ఒక చోటుంటే డోరు మీద గీత దానికంటే కిందుండేది.

"ఇది కూడ ఎత్తిపెడ్త అమ్మా. పైసలు వద్దు. గిది చూస్తుంటే నా చెయ్యి ఆగుతలేదు."

"చెయ్యి పెట్టకు!" అని అమ్మ అడ్డంగా నిలబడింది. "ఆయన డోరు అది. ఎట్లున్నదో గట్లనే ఉండాలె." ఆ మీదట డెంటర్‌తో ఒట్టు వేయించుకుంది. ఎవరు ఫోన్ చేసినా, ఏమడిగినా ఈ బండి కోరుట్ల రాలేదు, తాను చూడలేదు. ఆయన తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. ఎంత జాగ్రత్తపరులమో చూశారా?

బాపు కొత్త కళ్లతో సిరిసిల్ల వచ్చాడు. ఆయనతో నేనూ వచ్చాను. మా కారు దిగుతూనే మొదలుపెట్టాడు. గోడలకు సున్నం ఎప్పుడు పోయింది, గడపకు పసుపు గింత పచ్చగ ఉంటదా, ఎదురింటాయన గింత ముసలోడు ఎప్పుడైండు. నన్ను కిందికీ పైకీ చూసి, "లావైనవ్ బిడ్డా" అన్నాడు. ఇన్నాళ్లు ఆయనకు అన్నం వండిపెట్టిన మనిషిని! అమ్మను మాత్రం చాలాసేపు చూశాడు. "నీ తల గింత నెరిసిందా?" అన్నాడు నెమ్మదిగా. అమ్మ కొంగు కప్పుకుని లోపలికి పోబోయింది.

"ఆగు, బండి చూద్దాం పా" అన్నాడు.

ఆయన దేవుడి పటం వెనక నుంచి తాళంచెవి తెచ్చి జేబులో వేసుకున్నాడు. నేను బండి మీది కవరు తీశాను. బాపు ఎడమవైపు నుంచి మొదలుపెట్టాడు. బానెట్ మీద చెయ్యి వేశాడు, మడ్‌గార్డు నిమిరాడు, డోరు దాటాడు, వెనక డోరు దాటాడు. అమ్మ ఊపిరి వదలడం నాకు వినబడింది. డిక్కీ చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చాడు, తన డోరు ముందు ఆగాడు.

"గిదేంది?"

మా ఇద్దరికీ అర్థం కాలేదు.

"డోరు కిందికి జారింది. గీత గీత కలుస్తలేదు. గింత సందున్నది, ఏలు వడ్తది. ఈ పక్క ఎవలు గుద్దిన్రు?"

"ఎవ్వలు గుద్దలే బాపూ" అన్నాను. ఆ నెలలో నేను ఆయనతో చెప్పిన మొదటి నిజం అది.

ఆయన నన్ను నమ్మాడు. నమ్మడమే కొంప ముంచింది. డోరు తెరిచి మూశాడు, మళ్లీ తెరిచి మూశాడు. తర్వాత వెళ్లి సాంచెల షెడ్డు మెట్టు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"అయితే నేనే గుద్దిన. కండ్లు మసకైనప్పుడు యాడ్నో తగిలిచ్చిన, నాకే దెల్వలే. గదే మనిషికి తగిలుంటే? యాక్సిడెంట్ చేసి దెల్వకుంట ఇంటికొచ్చినోనికి బండెందుకు. రేపే అమ్మేస్త."

మా బాపు ఓడిపోయి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కరెంటు వాళ్లతో, నూలు వ్యాపారులతో, చివరికి డాక్టరుతో కూడా ఆయనదే పైచేయి. ఆ మెట్టు మీద మనిషి చిన్నగా అయిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. అదే సమయంలో, దాచనెందుకు, లోపల ఒక పాడు బుద్ధి లెక్క కూడా వేసింది. మేం నోరు మూసుకుంటే అమ్మ దెబ్బ ఎప్పటికీ బయటపడదు. బండి పోతుంది, అంతే. అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు.

"నువ్వు గుద్దలే" అంది బాపుతో. "నువ్వు దిగినప్పుడల్ల గా డోరు వట్టుకుని బరువంత దాని మీదేసి లేస్తవ్. గట్ల జారింది. కొన్న కాన్నుంచి జారుతనే ఉన్నది, నీకు ఇయ్యాల కనబడ్డది. గుద్దింది నేను. గా పక్క."

బాపు లేచాడు. ఎడమవైపుకు వెళ్లి వంగాడు. కొత్త కళ్లను మడ్‌గార్డుకు ఆనించినంత పని చేశాడు. గోటితో గీకి చూశాడు.

"ఏది? యాడ?"

"గీడ" అని అమ్మ చూపించింది.

"గీడ ఏం లేదు."

"ఉన్నది. సరిగ చూడు."

"నా కండ్లు ఇప్పుడు మంచిగున్నయి. గీడ ఏం లేదు."

అమ్మ కూడా వంగి వెతికింది. నేనూ వెతికాను. ఏం చూపిస్తాం? వంకర కూడా పాత వంకరే, వెలిసిన రంగు కూడా పాత వెలిసిన రంగే. ఒక్క మచ్చ కనబడితే చాలని ముగ్గురం తలలు ఒకచోట పెట్టి వెతికాం, కనబడలేదు. నాకు అప్పుడు డెంటర్ గుర్తొచ్చాడు. సాక్షి ఉన్నాడు కదా! ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"అన్నా, మా అంబాసిడర్ నీ దగ్గరికి తెచ్చినం కదా, మా బాపుకు చెప్పు."

"ఏ అంబాసిడర్ అక్కా?" అన్నాడాయన.

"అదే, మీగడ రంగుది. మడ్‌గార్డు..."

"నా దగ్గరికి అసొంటి బండి రాలే అక్కా. నేను చూడనే లే." ఆ గొంతులో ఎంత నిజాయితీ! పక్కనే ఉన్నట్టు ఆ ఒట్టు వేసిన చెయ్యి నాకు కనబడింది. నేను ఎంత మొత్తుకున్నా వినకుండా, సలాం చెప్పి ఫోన్ పెట్టేశాడు.

బాపు చెయ్యెత్తి ఆపమన్నాడు.

"సాలు బిడ్డా. నా మనసు కోసం తల్లీబిడ్డలు గిన్ని అబద్ధాలు ఆడకున్రి."

ఆ మాటకు అమ్మ మొహం ఎర్రబడింది. అబద్ధాలాడినన్నాళ్లూ చల్లగా ఉన్న మనిషికి, నిజాన్ని అబద్ధమంటే కోపం ఆగలేదు. సరాసరి వెళ్లి బాపు జేబులోంచి తాళంచెవి తీసుకుంది. చెప్పులు విడిచింది. కొంగు నడుముకు చెక్కింది. వేలాడే ఆ డోరును భుజంతో కాస్త ఎత్తి తెరిచి, లోపల కూర్చుని బండి స్టార్ట్ చేసింది. బాపు నోరు తెరిచేలోపే అమ్మ గేరు వేసింది. నేను ఈసారి పెదవి బిగబట్టాను. బండి గేటు వైపు కదిలింది. ఎడమ స్తంభానికి జానెడు సందు, కుడి స్తంభానికి జానెడు సందు వదిలి, నిమ్మళంగా దాటి గల్లీలో ఆగింది. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చుంది, ఇక దింపాలంటే వచ్చి దింపమన్నట్టు.

బాపు గేటు దాకా నడిచాడు. కోపమో, నవ్వో, అవమానమో, ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. చిన్నపిల్లలు సైకిళ్లాపి చూస్తున్నారు. పై అంతస్తుల వాళ్లు రెయిలింగుల మీదికి వంగారు. నలుగురిలో పరువు గురించి ఆయన చెప్పే మాటలన్నీ నాకు ఒకేసారి గుర్తొచ్చాయి. అమ్మను దిగమంటాడనే అనుకున్నాను.

ఆయన కారు ముందు నుంచి తిరిగి ఎడమవైపుకు వెళ్లాడు. డోరు తెరిచి, తన కారులో తాను ఎన్నడూ కూర్చోని సీట్లో కూర్చున్నాడు. నేను పరుగున పోయి వెనక ఎక్కాను.

"ఎప్పుడు నేర్చుకున్నవే?"

"నీకు కండ్లు కట్టినప్పుడు."

"భయం కాలే?"

"అయింది" అంది అమ్మ. "ఇప్పుడు గూడ అయితున్నది. దిగుమంటవేమోనని."

బాపు అద్దం కిందికి దించాడు. మా గల్లీ, ఆరేసిన రంగు నూలు, కొట్టు ముందు వేలాడే చిప్స్ పొట్లాలు, ఎవరింటి మీదనో ఎండుతున్న చీరలు, అన్నింటినీ తల తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"పోనీ" అన్నాడు. "మెల్లగ పోనీ. నడిపేటోనికి రోడ్డు తప్ప ఏం కనబడది. ఇన్నేండ్లు నేను రోడ్డే చూసిన."

అమ్మ ఊరు దాటేదాకా రెండో గేరులోనే పోనిచ్చింది.